జపాను దబ్బనం

నేను ఒక దబ్బనాన్ని. జానెడు పొడవు, కొన దగ్గర కాస్త వంకర, ఎంత లావు పురికొసైనా దూరే కన్ను. సూది నాకు చుట్టమే గానీ, ఆవిడ పట్టుచీరల మీదా నేను గోనెపట్టాల మీదా బతికేవాళ్ళం కనక రాకపోకలు తక్కువ. పుట్టింది జపానులో. డజన్ల లెక్కన ఓడెక్కించి అమ్మేస్తే వచ్చి కోస్తాలో ఒక రేవు పట్నంలో పడ్డాను. పట్నం పేరు మాత్రం అడక్కండి. చెబితే అక్కడివాళ్ళు నా మీదికి పోట్లాటకొస్తారు.

తీరా నేను స్థిరపడ్డాక తెలిసిందేమిటయ్యా అంటే, జపాను వాళ్ళు మా ఊరి మీద బాంబులు వేస్తారట. వాటికి అడ్డం పెట్టే ఇసుక సంచుల్ని నేను కుట్టాలట! మేస్త్రీ జగ్గునాయుడు నా ఒంటిమీది జపాను ముద్రని ఆకురాయితో అరగదీశాడు. అంతే, ఆ క్షణం నుంచీ నేను ఇంగ్లీషు ప్రభుత్వానికి వీరవిధేయురాలిని. రెండు నిమిషాలు పట్టిందేమో.

అది నలభైరెండో సంవత్సరం, మాఘమాసం. రేవు గేటు లోపల రేకుల షెడ్డులో సంచుల ఫ్యాక్టరీ, అందులో యాభైమంది ఆడపిల్లలు. నన్ను నూకాలు అనే పదిహేనేళ్ళ పిల్ల చేతికిచ్చారు. మొదటి వారం ఆ పిల్ల గోనెని కుట్టిందానికన్నా తన వేళ్ళని పొడుచుకున్నదే ఎక్కువ. అయినా మానలేదు. దేశరక్షణ కోసమని మీరనుకుంటే మీ మంచితనానికి నా దండం.

నూకాలు తండ్రి రంగంలో ఉన్నాడు. రంగూన్ని మావాళ్ళు రంగమే అంటారు. అక్కడ బియ్యం మిల్లులో కూలి. డిసెంబరులో రంగం మీద బాంబులు పడ్డాయి, ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళని ఓడలు తెచ్చి మా రేవులో దింపుతుంటే, కలరా భయంతో సర్కారు వాళ్ళని ఊళ్ళోకి రానివ్వకుండా రేవులోనే గూడ్సు పెట్టెలెక్కించి ఎక్కడో క్యాంపుకి తోలేసేది. ఎవరొచ్చారో ఎవరు రాలేదో చెప్పే నాథుడు లేడు. గేటు దాటి లోపలికి రావాలంటే మెడలో ఫ్యాక్టరీ వాళ్ళ రేకు బిళ్ళ ఉండాలి. నూకాలు కుట్టింది ఆ బిళ్ళ కోసం. ఓడ కూత వినిపిస్తే చాలు, గంజి తాగడం మానుకుని మరీ పరుగెత్తేది. "మా అయ్యని సూసినారేటి? రంగం మిల్లుల పన్జేత్తాడు, కుడికాలు కాసింత ఈడుత్తాడు" అని కనబడ్డవాళ్ళనల్లా అడిగేది. రంగం మిల్లుల్లో కాళ్ళీడ్చనివాడెవడు?

ఇలా ఉండగా దొరగారి ఆఫీసు నుంచి ఒక ఇంగ్లీషు కాగితం దిగింది. జగ్గునాయుడికి ఇంగ్లీషు రాదు. రాదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. కాగితం అడుగున సంచి బొమ్మ ఉంది. ఇసుక నింపి, మూతి కుట్టేశాక ఎలా ఉండాలో వేసిన బొమ్మ అది. మన మేధావి దాన్ని తదేకంగా చూసి, "నాలుగేపులా కుట్టు! దొరగోరి ఆర్డరు!" అని కేకేశాడు.

యాభైమందిలో నూకాలు ఒక్కతే తలెత్తింది. "మేస్త్రీ బాబూ, నాలుగేపులా కుట్టీసినాక ఇసక ఎలాగ పోత్తారు?"

"యుద్దం నువ్వు సేత్తన్నావేటే గుంటా, దొర సేత్తన్నాడా? ఇంకో మాటన్నావంటే బిల్ల లాగీసుకుంతాను!"

బిళ్ళ మాట వినగానే ఆ పిల్ల తలొంచుకుని నన్ను గోనెలో గుచ్చింది. పదకొండు రోజుల్లో ఎనిమిదివేల సంచులు అన్ని వైపులా భేషుగ్గా కుట్టాం. అంత గట్టి కుట్టు నా జన్మలో మళ్ళీ వేయలేదు. పన్నెండోరోజు దొర స్వయంగా విచ్చేసి, ఒకదాన్ని తీసుకుని ఇసుక పోయమన్నాడు. నలుగురు మగాళ్ళు పారలు పట్టుకుని ఆ సంచిని తిరగేసి బోర్లేసి మూతి కోసం వెతికారు. దొర ముఖం కందగడ్డ అయింది. సామ్రాజ్యం మొత్తం ఆ షెడ్డులో నిలబడి ఒక గోనెసంచికి ముందెటో వెనకెటో తేల్చలేకపోయింది.

"ఎవరి పని?" అని దుబాసీ చేత అడిగించాడు. జగ్గునాయుడు తడుముకోలేదు. "ఈ నూకాలుదండీ! ఇలాగ కుడితే ఇసక పట్టదని దీనికి ముందే తెల్సండి!" అన్నాడు. ఒట్టేసి చెబుతున్నాను, ఈ లోకంలో నేను విన్న అబద్ధాలన్నిట్లోకీ అంత నిజమైనది ఇంకోటి లేదు. పిల్ల మెడలోంచి బిళ్ళ తెంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కడ గుచ్చుకోవాలో నాకు తెలుసు, ఎగరడమే రాదు.

గేటు బయటికి గెంటేయమని జవానుకి అప్పజెప్పారు. నన్ను వెనక్కి అడగడం ఎవరికీ తోచలేదు, నూకాలు పిడికిట్లోనే ఉండిపోయాను. సరిగ్గా అప్పుడే, దొర వస్తాడని మమ్మల్ని షెడ్డు కదలనివ్వని ఆ పొద్దున వచ్చిన ఓడ జనాన్ని పెట్టెల్లో కుక్కడం అయిపోయి, ఇంజను కదిలింది. రేపటి ఓడకి ఈ పిల్లని లోపలికి రానివ్వరు. నూకాలు జవాను చెయ్యి కొరికేసి పట్టాలవైపు పరుగెత్తింది.

"అయ్యా! ఓ అయ్యా!"

పెట్టెపెట్టెలోంచీ మగాళ్ళ తలలు బయటికొచ్చాయి. ఎందుకు రావూ? అందరూ ఎవరో ఒకరికి అయ్యలే. ఆశగా చూసి, తమ పిల్ల కాదని తెలిసి, ఒక్కొక్కరే లోపలికి తగ్గారు.

మరి పేరు పెట్టి పిలవచ్చుగా అంటారు మీరు. ఆ ఇంట్లో పెళ్ళాం మొగుడి పేరూ, కూతురు తండ్రి పేరూ పలకడం ఇంటావంటా లేదు. బిళ్ళ ఇచ్చిన రోజు గుమస్తా తండ్రి పేరడిగితే, ఈ మహాతల్లి పక్కింటి ముసలమ్మని వెంటబెట్టుకొచ్చి ఆవిడ చేత చెప్పించింది. ఓడ దిగిన వందలమందిని కాలి గుర్తు చెప్పి అడిగింది గానీ, పేరు ఒక్కసారి నోట రాలేదు. బాంబులకి లేని భయం పేరుకి!

బండి వేగం అందుకుంటోంది. నూకాలు గట్టిగా కళ్ళు మూసుకుంది.

"పేడాడ అసిరయ్యా! ఒరే అసిరయ్యా!"

ఆ 'ఒరే' ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికే తెలీదు. చివరి పెట్టెలోంచి ఒక బొంగురు గొంతు ఉరిమింది.

"ఎవుతే అది, అయ్యని పేరెట్టి పిలుత్తన్నాది? సిగ్గునేదేటే!"

ఆ పెట్టె అంచు పట్టుకోవడానికి నూకాలు నన్ను వదిలేసింది. చేతులు చాచి ఎవరో లోపలికి లాక్కున్నారు. నేను పట్టాల పక్కన ఇసుకలో పడ్డాను. ఇన్నేళ్ళుగా అక్కడే తుప్పు పడుతున్నాను. యుద్ధం ఎవరు గెలిచారో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పెట్టె దాటిపోతుండగా ఆ గొంతు ఏడుస్తూ అన్న మాట మాత్రం విన్నాను.

"మల్లీ ఓపాలి పిలువే, తల్లీ."