మెట్ల కింది కుర్చీ

సాయంత్రం ఆఫీసు సర్దేవేళ టైపిస్టమ్మ గుడ్డసంచి విప్పేది. ఒకవైపే అచ్చయిన కాగితాలు, వేలెడంత మిగిలిన పెన్సిళ్లు, వంకరపోయిన క్లిప్పులు... అన్నీ చెత్తబుట్టలోకి పోయేవే. అయినా పెద్ద గుమాస్తాకి చూపించి మరీ సంచిలో వేసుకునేది.

"నాకెందుకమ్మా చూపించడం? పారేసినవేగా!" అని ఆయన విసుక్కునేవాడు.

"పైవాడు ఎలాగూ చూస్తాడు కదండీ, మీరూ ఓసారి చూడండి."

ఆ జాగ్రత్త ఆవిడ ఒక్కదానిదే కాదు లెండి. ఆ ఊళ్లో ఇంకొకరికి పనికొచ్చే వస్తువుని ఎవరు పట్టుకెళ్లినా, తెల్లారేసరికి అది తనంతట తనే బయల్దేరి ఆ అవసరమున్న వాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది. రోడ్డు దాటే స్టేప్లర్ కోసం బస్సులు ఆగేవి. టైపిస్టమ్మ తెచ్చుకున్నవి మాత్రం ఏనాడూ గడప దాటలేదు. ఎవరికీ అక్కర్లేనివే ఈ ఇంటికి చేరతాయేమో, తనతో సహా, అనిపించి ఒక్కోపూట ముద్ద దిగేది కాదు. భర్త పోయి చాలాకాలమైంది. భోజనాల బల్లకి అవతల ఉత్త నేల.

అందుకే ఆఫీసు మెట్ల కింద పడేసిన తిరిగే కుర్చీ మీద మనసుపడింది. చేతులు ఊడిపోయాయి, ఒక చక్రం కీచుమంటుంది. ఆఫీసరుని అడిగితే, "తీసేసిన సామానే, పట్టుకెళ్లండి," అన్నాడు. తోసుకుంటూ ఇంటికి తెచ్చి బల్లకి అవతల పెట్టింది. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తింది, దేవుడి దయవల్ల.

తెల్లారేసరికి కుర్చీ తలుపుని ఢీకొడుతోంది!

తలుపు తీసి దాని వెనకే నడిచింది. పాలవాడు సైకిలు పక్కకి జరిపి దారిచ్చాడు. కుర్చీ తిన్నగా ఆఫీసు గేటు దాటి మెట్ల కిందకి దూరింది. వాచ్‌మన్ వచ్చి, మోకాళ్లు పట్టుకుని, దాంట్లో కూలబడ్డాడు.

"అయ్యో, మీరు కూర్చుంటారని తెలీదండీ. ఆఫీసరు గారిని అడిగాను గానీ..."

"నాదేముంది మేడం, ఆఫీసుది. కాళ్లు పీకితే కాసేపు కూర్చుంటానంతే. పట్టుకెళ్లండి."

పట్టుకెళ్లింది. మర్నాడు కుర్చీ మళ్లీ మెట్ల కిందకే వెళ్లిపోయింది. ఆయన నోరు ఒప్పుకుంది గానీ మోకాళ్లు ఒప్పుకోలేదు మరి!

"అసలీ కుంటిదాన్ని ఏం చేసుకుంటారు మేడం?" అని నవ్వాడు వాచ్‌మన్.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. టైపిస్టమ్మకి అబద్ధం చేతకాదు.

"ఎదురుగా పెట్టుకుని అన్నం తింటానండీ. మనిషైతే లేచి వెళ్లిపోతాడు, కుర్చీ ఎక్కడికి పోతుందిలే అనుకున్నా. ఇదీ పోయింది."

వాచ్‌మన్ నవ్వు ఆగిపోయింది. టైపిస్టమ్మ కుర్చీని ముట్టుకోకుండా తలవంచుకుని పైకి వెళ్లిపోయింది. ఆ పైన దాని ఊసెత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒక్కతే కంచం ముందు కూర్చుంది. వీధిలో కీచుమని చప్పుడు. తీసున్న తలుపులోంచి కుర్చీ వస్తోంది. దాంట్లో వాచ్‌మన్, కాళ్లు పైకెత్తి, ఒళ్లో కారియర్‌ని రెండు చేతులా పట్టుకుని, సిగ్గుతో చచ్చిపోతూ.

"నా తప్పేం లేదు మేడం! గేటుకి తాళం వేసి, అన్నం తిందామని కూర్చున్నానంతే. దిగనిస్తేగా!"

కుర్చీ గడప ఎక్కింది. బల్లకి అవతలికి వెళ్లి ఆగింది. వాచ్‌మన్ గబగబా లేవబోయాడు.

"కూర్చోండి," అంది టైపిస్టమ్మ. "చేతులకి నీళ్లు నేను తెస్తా."