వేళ్లు తెగని షెడ్డు

గోళ్ల సందుల్లో గ్రీజు కిరసనాయిలుకూ లొంగలేదు. గుడ్డపేలిక తడిపి ఒక్కో వేలూ రుద్దుకుంటున్నాడు మేస్త్రీ. పొట్టి మనిషి. బరువులెత్తి ఎత్తి ఎడమ భుజం కిందికి జారిపోయింది. మాటలు మహా పొదుపు.

"పెళ్లిచూపులకా ఏంటయ్యా ఆ తోముడు? రేపు మళ్లీ ఏ మోటార్లోనో పెట్టే చేతులేగా!" అంది భార్య.

రేపు ఇంట్లోనే ఉంటాడని గట్టిగా అనుకుంటే ఉంటాడేమోనని ఆమె ఆశ.

దొంగబళ్లు విప్పి సామాను అమ్మిన షెడ్డు కేసులో నేరం రుజువైపోయింది. ఇవాళ తేలాల్సింది శిక్ష ఎంతన్నదే. ఉత్త పనివాడైతే, బెయిలు రాకముందు జైల్లో గడిపిన కాలం చాలు. సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ముఠాను నడిపినవాడైతే మరో ఐదేళ్లు. అసలు యజమాని ఫోనులో గొంతే తప్ప, మొహం ఎవరూ ఎరగరు. షెడ్డులో అందరికంటే పెద్దవాడు మేస్త్రీ. అందుకే పోలీసుల కన్ను అతని మీద పడింది.

కోర్టు వరండాలో బావమరిది కలిశాడు. అతనూ అదే కేసులో ముద్దాయి.

"నిన్ను నాయకుడంటున్నారు బావా! ఇంట్లో మా అక్క ముందు ఎప్పుడైనా నోరెత్తావా నువ్వు?"

మేస్త్రీ మీసంలో నవ్వుకున్నాడు. పక్కనున్న మేస్త్రీ వకీలు మాత్రం నవ్వలేదు. "ఏది అడిగినా నాకు తెలీదనండి. అంతకుమించి ఒక్క ముక్క వద్దు," అన్నాడు.

లోపల ప్రభుత్వ వకీలు లేచాడు. "ఎవరే పని చెయ్యాలో ఎవరు చెప్పేవారు?"

"నాకు తెలీదండి. ఎవరికి తోచింది వాళ్లు చేసేవాళ్లు."

"అలాగా! కోత మిషన్లు, గ్యాసు మంటలు. ఎవరికి తోచింది వాళ్లు చేస్తే, అన్నేళ్లలో ఒక్కడికీ వేలు తెగలేదేం? అదృష్టమా?"

అవునంటే సరిపోయేది. మేస్త్రీ చూపు పక్కకు తిరిగింది. బోను చెక్క మీద బావమరిది చేతులున్నాయి. పది వేళ్లూ ఉన్నాయి.

"అదృష్టమేంటండీ," అన్నాడు నొచ్చుకున్నట్టు. "నిద్రలేనోణ్ణి మిషన్ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. చేతికి గుడ్డ చుట్టుకొస్తే, మిషన్ లాగేసుకుంటుందని ఊరుకునేవాణ్ణి కాదు. దగ్గరుండి నేనే చూసుకునేవాణ్ణి."

మేస్త్రీ వకీలు నుదురు పట్టుకున్నాడు. జడ్జి తలొంచుకుని రాసుకున్నాడు.

ఐదేళ్లు పడ్డాయి. బావమరిదిని వదిలేశారు.

వ్యాను ఎక్కించబోతుంటే భార్య అడ్డం పడింది. "ఆ ఒక్క మాట మింగేస్తే నీ సొమ్మేం పోయేదయ్యా? కాపురానికొచ్చిన కాణ్ణుంచి నాతో నాలుగు మాటలాడనోడివి, అక్కడా నోరు తెరిచేది?"

"వచ్చేసిందే," అన్నాడు మేస్త్రీ. వ్యాను ఎక్కుతూ, "తమ్ముణ్ణి తిట్టకు," అన్నాడు. వ్యాను తలుపు పడింది.

ఇంటికొచ్చాక అక్కా తమ్ముడూ దీపం వెయ్యడం కూడా మరిచి కూర్చున్నారు. కిటికీ కింద, మేస్త్రీ బాగుచేస్తూ వదిలేసిన ఎదురింటావిడ ఇస్త్రీపెట్టె సగం విప్పి ఉంది. దాన్నైనా బిగించి ఇచ్చేద్దామని తమ్ముడు చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు. వరస చెడుతుంది," అంది ఆమె.

పాత పేపరు మీద, ఒకదాని వెనక ఒకటి, విప్పిన వరసలోనే ఉన్నాయి మరలు.