కోటు మీది దొంగ తడి

ఆ తడి సైకిలు తొక్కిన మనిషి తడి కాదని నాకు చూడగానే తెలిసింది.

బాల్కనీలో తీగ మీద మా ఆయన వానకోటు ఆరేసి ఉంది. నల్లది, సైకిలు తొక్కేవాళ్ళ కోసం ప్రత్యేకంగా కుట్టింది, వెనక తోకలా కాస్త పొడుగ్గా దిగుతుంది. భుజాల దగ్గర నుంచి అంచు దాకా ముందూ వెనకా సమంగా తడిసింది. కాలరు లోపలికి కూడా నీళ్ళు దిగాయి. ముందుకు వంగి సైకిలు తొక్కేవాడికి వాన ఎదురు కొడుతుంది. వాడికి రొమ్ము, ముంజేతులు, తొడలు ముందు తడుస్తాయి. వెనక చక్రం చిమ్మిన బురద నడుము నుంచి వీపు మధ్య దాకా చారలా పడుతుంది. మా సైకిలుకి మడ్‌గార్డులు లేవు, అయినా ఈ కోటుకి చార లేదు. వేలితో రాసి చూశాను, ఇసుక కూడా తగల్లేదు. నిటారుగా నిలబడ్డ మనిషి మీద పైనుంచి నీళ్ళు పోస్తే తడిసే తీరు అది.

ఇంత కూపీ ఎందుకంటారేమో. నేను సినిమాలకి కాస్ట్యూమర్ని. కృష్ణానగర్‌లో మా బట్టల గోడౌన్ ఉంది. వాన సీను అంటే ట్యాంకరు వస్తుంది, పైపులెత్తి వాన కురిపిస్తారు. పొద్దున తీసిన షాటులో హీరో చొక్కా ఎక్కడిదాకా తడిసిందో మధ్యాహ్నం తీసే షాటులో కూడా అక్కడిదాకానే తడిసి ఉండాలి. తేడా వస్తే డైరెక్టరు నా మీదే అరుస్తాడు. ఇరవై ఏళ్ళుగా తడిసిన బట్టల్ని చూసి చూసి నా కళ్ళు అలా తయారయ్యాయి. దొంగ తడిని నా దగ్గర దాచడం కష్టం.

ఆయన పేరు వరప్రసాద్. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. రోజంతా చల్లటి గదిలో కూర్చునే ఉద్యోగం కాబట్టి షుగరు వచ్చింది. డాక్టరు రోజూ గంటన్నర ఒళ్ళు వంచమంటే ఈయన రోడ్డు సైకిలు కొన్నాడు. పొద్దున్నే అయిదున్నరకి వెంగళరావు నగర్‌లో మా ఇంటి నుంచి బయల్దేరి, ఫిల్మ్‌నగర్ దిగి గండిపేట దాకా పోయి ఎనిమిదికల్లా వచ్చేవాడు. వేసవిలో బాగానే నడిచింది. షుగరు తగ్గింది, పొట్ట తగ్గింది, నేను కూడా నలుగురికి చెప్పుకుని మురిశాను.

ఇప్పుడు డిసెంబరు. బంగాళాఖాతంలో తుఫాను లేచి హైదరాబాదులో మూడు రోజులుగా ముసురు పట్టింది. ఈ చలిలో, ఈ వానలో కూడా మానకుండా వెళ్తున్నాడు. వచ్చాక మొహం చూస్తే సైకిలు తొక్కిన హుషారు ఉండదు. కోటు లోపల వేసుకునే ఉన్ని బనీను వాసన చూశాను, చెమట కంపు లేదు. గండిపేట దాకా తొక్కి వచ్చిన వాడికి చెమట పట్టకపోవడం ఏమిటి?

"ఏవండీ, అటువైపు వాన ఎలా ఉంది?" అని అడిగాను ఆ పూట, కాఫీ ఇస్తూ.

"బాగానే ఉంది."

"గండిపేట దాకా వెళ్ళారా?"

"ఆఁ," అన్నాడు కప్పులోకి చూస్తూ.

అబద్ధం ఆడటం రాని మనిషి. ఇరవై మూడేళ్ళ కాపురంలో నాకున్న ధైర్యం అదే. ఆ పూట ఆయన కప్పులోంచి తల ఎత్తకపోయేసరికి ఆ ధైర్యం కాస్తా పోయింది.

పైగా ఆయన ఫోనులో రెండు మిస్డ్ కాల్స్. పొద్దున్నే, ఆరు గంటలప్పుడు. "పూజిత సైకిల్ షాప్" అని పేరు ఉంది. ఎవరని అడిగితే ఏదో బ్రేకు సంగతి అన్నాడు. ఆరింటికి బ్రేకు సంగతి మాట్లాడే షాపు ఈ లోకంలో ఎక్కడుంది?

ఆ పూజితని నేను ఎరుగుదును. అక్టోబరులో వానకి, చలికి పనికొచ్చే బట్టలు కొందామని జూబ్లీహిల్స్‌లో ఆ షాపుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. పాతికేళ్ళుంటాయి, బక్కగా, చురుగ్గా ఉంది. తనూ సైకిలు తొక్కుతుందట. వెళ్ళగానే పచ్చగా మెరిసిపోయే నిమ్మకాయ రంగు కోటొకటి తీసి మా ముందు పరిచింది. చేతుల మీద, వీపు మీద వెండి పట్టీలు కుట్టి ఉన్నాయి.

"మేడం, వానల గీ రంగే మంచిది. దూరం నుంచే కనవడ్తది," అంది.

నాకు నవ్వొచ్చింది. "ఇది వేసుకుంటే ట్రాఫిక్ పోలీసనుకుని బండ్లన్నీ ఆగిపోతాయమ్మా."

"ఆగితే మంచిదే కద మేడం," అంది నవ్వకుండా.

బట్టల సంగతి నాకు చెప్పడమా అని ఒళ్ళు మండింది. అందుకే ఆ షాపంతా నేనే కలియదిరిగాను. ఆయనకి వెచ్చగా ఉండే ఉన్ని బనీను, మణికట్టు దాటి వచ్చే చేతి తొడుగులు, బూట్ల మీద తొడిగే వాన తొడుగులు, హెల్మెట్ కింద పెట్టుకునే అంచు టోపీ, కుట్ల మీద నీళ్ళు దిగకుండా పట్టీ వేసిన ఈ కోటు. అన్నీ నలుపే. వానలో నలుపే నిలుస్తుంది. తెలుపు ఒంటికి అతుక్కుంటుంది, మిగతా రంగులు తడిస్తే మురికి గుడ్డల్లా కనపడతాయి. నల్ల బట్ట తడిస్తే మాత్రం మనిషి ఆకారం గీత గీసినట్టు తేలుతుంది. ఎన్ని వాన పాటలకి బట్టలిచ్చానో ఆ పిల్లకి విడమరిచి చెప్పాను.

"మా ఆవిడకి తెలుసమ్మా, అవే ఇచ్చేయ్," అన్నాడు మా ఆయన గర్వంగా.

అద్దం ముందు ఆ నల్ల బట్టల్లో పదేళ్ళు చిన్నవాడిలా కనిపించాడు. ఆ పూజిత కూడా ఆయన వంక ఒక రకంగా చూసింది. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ చూపు పదే పదే గుర్తొస్తోంది. నేనే ముస్తాబు చేసి పంపానన్న ఆలోచన నన్ను కాల్చుకు తింది.

నాలుగో రోజు ఆయన గుమ్మం దాటగానే నేను స్కూటీ తాళం తీసుకున్నాను. మొగుణ్ణి వెంబడించడం సిగ్గుమాలిన పని అని నాకూ తెలుసు. అయినా తెలుసుకోకుండా ఉండలేను.

కాలనీ చివరిదాకా తొక్కుతూ వెళ్ళాడు. మలుపు తిరిగాక సైకిలు దిగాడు. దాన్ని పక్కన పట్టుకుని ఫుట్‌పాత్ వారగా నడవడం మొదలుపెట్టాడు. టైరులో గాలి పోయిందేమో అనుకున్నాను. యూసుఫ్‌గూడ దాటింది, కృష్ణానగర్ దాటింది, మా గోడౌన్ సందు ముందు నుంచే పోయాడు, ఇంకా నడుస్తూనే ఉన్నాడు. నడిచే మనిషిని స్కూటీ మీద వెంబడించడం ఎంత నరకమో అనుభవిస్తేగానీ తెలియదు. యాభై గజాలకోసారి ఆగడం, ఫోను చూస్తున్నట్టు నటించడం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక ఆటో డ్రైవరు "అడ్రస్ దొరుకుతలేదా అమ్మా?" అని కూడా అడిగాడు. ముసురు నా మెడలోంచి వీపు మీదికి దిగుతోంది.

ఫిల్మ్‌నగర్ పల్లం మొదలయ్యే చోట ఆగాడు. రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు. ఇదన్నమాట కలుసుకునే చోటు అనుకున్నాను. మూసి ఉన్న కొట్టు చూరు కిందికి స్కూటీ జరిపి, ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని చూస్తున్నాను. వచ్చాక ఏం చేయాలో నేను ఆలోచించుకోలేదు.

ఎవరూ రాలేదు. ఆయన సైకిలు మీదుగా కాలు వేశాడు. అంతలో వెనక నుంచి కారు చప్పుడు వినిపించింది. కాలు తీసేసి ఫుట్‌పాత్ మీదికి ఎక్కాడు. కారు పోయింది. మళ్ళీ కాలు వేశాడు, ఈసారి బస్సు. మళ్ళీ దిగాడు. మూడోసారి రోడ్డు ఖాళీగానే ఉంది, అయినా పెడలు మీద కాలు నిలవలేదు. కాసేపు హ్యాండిల్ మీద తల వాల్చి నిలబడి, సైకిలు ఇంటివైపు తిప్పాడు.

తిప్పేసరికి ఎదురుగా నేనున్నాను.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు.

"అది నేనడగాలి. రోజూ గండిపేట అని చెప్పి ఇక్కడిదాకా నడిచి వస్తున్నారా?"

వాన నీళ్ళు టోపీ అంచు మీంచి కారుతున్నాయి.

"అక్టోబరులో స్టూడియో మెట్ల మీద జారిపడ్డానని చెప్పాను కదా. మెట్ల మీద కాదు. ఇక్కడే పడ్డాను," అన్నాడు.

వాచిన మోచేతికి కట్టు కడుతూ ఆ మెట్ల సంగతి నేను పూర్తిగా నమ్మాను. తడి గుడ్డతో తుడిచి అలా వదిలేస్తారా అని ఆ స్టూడియో మేనేజరుకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను కూడా.

"వెనక నుంచి పాల వ్యాను తగిలించింది. పొద్దున్నే, వానలో. సీటు కింద ఎర్ర లైటు వెలుగుతోంది గానీ కోటు తోక దాని మీద పడిపోయింది. ఆ డ్రైవరే దిగి నన్ను లేపాడు. నాకంటే వాడే ఎక్కువ వణికిపోయాడు. 'ఒట్టు సార్, మీరు కనవడలే. రోడ్డు నల్లగున్నది, మీరు నల్లగున్నరు' అన్నాడు."

స్కూటీ పట్టుకుని నిలబడ్డాను.

వాన సీనులో నలుపు తేలుతుంది, నిజమే. అయితే ఆ హీరో వెనక స్టాండు మీద పెద్ద లైటు పెట్టి, దాన్ని అటూ ఇటూ జరిపే లైట్‌మ్యాన్ ఒకడు ఉంటాడు. ఆ లైటు లేకపోతే వాన కూడా కెమెరాకి కనపడదు, ఇక నల్ల బట్ట మాట చెప్పేదేముంది. మా యూనిట్లో టీ ఇచ్చేవాళ్ళకి కూడా తెలిసిన సంగతి ఇది. నేను కెమెరా ముందుకి పంపుతున్నట్టు ముస్తాబు చేసి, మా ఆయన్ని తెల్లారకముందే చీకట్లో రోడ్డు మీదికి పంపించాను. షాపులో ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. నేను దాని నోరు మూయించాను.

"మరి ఆ పూజిత ఫోన్లు?" అన్నాను.

"పెడలు విరిగితే బాగు చేయించడానికి ఆ షాపుకే వెళ్ళాను. పడ్డానని చూడగానే కనిపెట్టేసింది. తనూ ఒకసారి అలాగే పడిందట. మళ్ళీ ఎక్కేదాకా రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాను సార్ అంది. ఇన్నాళ్ళైనా రోడ్డు మీద ఎక్కలేకపోతున్నాను, ఎత్తడానికి నాకు మొహం చెల్లడం లేదు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"షాపంతా తిరిగి, ఒక్కొక్కటీ పట్టుకు చూసి, నా కోసం ఎంచావు. అవి వేసుకుని పడ్డానని నీకెలా చెప్పను? సైకిలు మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతావు. ఒక్క ప్రశ్నతో వదిలే మనిషివి కాదు నువ్వు." సైకిలుకి ఆనుకుని నా వంక చూశాడు. "ఇంతకీ నువ్వెందుకొచ్చావు? ఏమనుకున్నావు?"

దాచలేకపోయాను. బాల్కనీలో కోటు చూసినప్పటి నుంచి అనుకున్నదంతా, ఆ పిల్ల పేరుతో సహా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, లేకపోతే నవ్వుతాడనుకున్నాను. రెండూ చేయలేదు.

"అదైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి కౌసల్యా," అన్నాడు.

ఏడుపు ఆగలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నారని తెలిసినా ఆగలేదు. ఆయన సైకిలు తోసుకుంటూ, నేను స్కూటీ తోసుకుంటూ ఇంటి దారి పట్టాం. స్కూటీ ఎక్కి పొమ్మన్నాడు గానీ నేను వినలేదు. ఆయన హ్యాండిల్ కుడిచేత్తోనే పట్టుకుని తోస్తున్నాడు. ఎడమ చెయ్యి పొట్టకి ఆనించుకుని ఉంది. ఆ చెయ్యి అలా ఉండటం నేను అప్పుడే చూశాను.

"మోచెయ్యి ఇంకా నొప్పా?" అని అడిగాను.

"మామూలుగా ఏం లేదు," అన్నాడు. "ముసురు పట్టినప్పుడే లాగుతుంది."

ముసురు పట్టి అప్పటికి నాలుగు రోజులైంది.