తెలుగైతే కాదుగా

రెబ్కా రెండో బకెట్టు నీళ్లు కుమ్మరించి చీపురుతో గచ్చు రుద్దుతోంది. ఎల్‌కేజీ పిల్లల బాత్రూము అది. పొద్దున బెల్లు కొట్టకముందు ఒకసారి, ఇంటర్వెల్ అయ్యాక ఒకసారి, అన్నాల తర్వాత ఇంకోసారి, పదకొండేళ్లుగా ఇదే పని. సన్నటి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. ఈ వాసన ఆమెకెన్నడూ రోత పుట్టించలేదు.

అంతకుముందు గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసేది. ఎన్ని నీళ్లతో కడిగినా చేతుల మంట పోయేది కాదు. అప్పటికి కూతురు శాంతి చంటిపిల్ల. తల్లి ఎత్తుకుంటే చాలు, ఒళ్లు మండి గుక్కపట్టేది. చివరికి ఆ పిల్లని అమ్మమ్మే పెంచింది. అందుకే చిలకలూరిపేటలో ఈ కాన్వెంటులో చేరిన రోజున, ఏడుస్తున్న పిల్లాడి బుగ్గలు తన చేత్తో తుడిస్తే వాడు ఊరుకున్నాడని రెబ్కాకి ప్రాణం లేచొచ్చింది. ఇక ఇక్కడే ఉండిపోయింది.

రోత మొదలైంది కిందటేడు. గేటు లోపల తెలుగు వినపడకూడదన్నాడు కరస్పాండెంటు నాగేంద్రబాబు. మాట్లాడిన పిల్లల మెడలో 'నేను తెలుగు మాట్లాడాను' అని ఇంగ్లీషులో రాసిన అట్ట వేలాడదీస్తారు. నాలుగేళ్ల పిల్లకి అట్ట! దాని మీద ఏం రాసి ఉందో చదవడం కూడా రాదు దానికి. ఇంగ్లీషు రాని ఆయాలు నోరు మూసుకోవాలి. నోరు మూసుకుని పసిపిల్లల్ని ఎలా ఊరుకోబెట్టాలో మాత్రం ఆయన చెప్పలేదు.

అప్పుడొచ్చింది మిహో. జపానులో కాలేజీ చదువుతూ, ఆరు నెలలు పరాయి దేశంలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన పిల్ల. తనకే ఇంగ్లీషు కూడబలుక్కుంటే గాని రాదు. అయితేనేం, తెల్లగా ఉంది. 'విదేశీ టీచరుతో ఇంగ్లీషు' అని ఆమె ఫోటోతో గేటుకి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. మధ్యాహ్నాలు ఇద్దరూ పంపు దగ్గర కూర్చునేవాళ్లు. మిహో జపాను మాటొకటి నేర్పితే, రెబ్కా తెలుగు మాటొకటి చెవిలో చెప్పేది. రెబ్కా మొదట నేర్చుకున్న మాట 'దైజోబు'. అంటే, ఏం కాదులే, అని. ఆ మాటతోనే రెబ్కా పిల్లల్ని ఊరుకోబెట్టడం మొదలెట్టింది. ఒకసారి నాగేంద్రబాబు విన్నాడు.

“అదేం భాష?”

“జపానండి. మిహోమ్మగారు నేర్పారు.”

“ఏదైతేనేం. తెలుగైతే కాదుగా, కానివ్వు.”

ఇవాళ మిహోకి ఆఖరి రోజు. పదకొండింటికి ఎల్‌కేజీ గదిలోంచి రెబ్కాకి పిలుపొచ్చింది. నాలుగేళ్ల బిందుమాధవి గోడ పక్కన కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. కడుపు నొస్తోందని, బాత్రూముకి పోవాలని తెలుగులో అడిగిందట. క్లాసు టీచరు అట్ట తగిలించి నిలబెట్టింది. పిల్ల ఆపుకోలేకపోయింది. మిహో మోకాళ్ల మీద కూర్చుని తన చేతిరుమాలుతో ఆ కాళ్లు తుడుస్తోంది. ఆమె ముఖం కందిపోయి ఉంది.

రెబ్కా పిల్లని ఎత్తుకుని పంపు దగ్గరికి తీసుకెళ్లింది. వరండాలో నాగేంద్రబాబు, అడ్మిషను కోసం వచ్చిన భార్యాభర్తలకి బడి చూపిస్తున్నాడు.

“టీచరు డర్టీ గర్ల్ అంది. నేను ఛీ పిల్లనా ఆయమ్మా?” గుసగుసగా అడిగింది బిందుమాధవి.

“దైజోబు, దైజోబు,” అంది రెబ్కా నీళ్లు పోస్తూ.

వచ్చినావిడ మురిసిపోయింది. “ఆయా కూడా ఇంగ్లీషేనా అండీ!”

“మా దగ్గర ఆయాలక్కూడా ట్రైనింగేనండి,” అన్నాడు నాగేంద్రబాబు తడుముకోకుండా.

పిల్ల రెబ్కా గడ్డం పట్టుకుని తిప్పింది. “అంటే ఏంటి? ఛీ పిల్లననేనా?”

రెబ్కా నీళ్లు పోయడం ఆపింది. పదకొండేళ్లు ఎత్తిపోసినా రాని డోకు ఇప్పుడొచ్చింది. ఆయన అబద్ధానికి కాదు, తన నోటికి. ఆరు నెలలుగా ఏడ్చే పిల్లలకి తను చెప్పినదేమిటి? మాట మంచిదే. కానీ ఒక్క పిల్లకీ అందలేదు. మిరపకాయల చేతులతో కూతుర్ని ఎత్తుకున్నప్పుడు కూడా తను ముద్దే చేస్తున్నాననుకుంది.

“కాదే నా తల్లీ,” అంది గొంతెత్తి. “కడుపులో నొప్పొచ్చింది, అయిపోయింది, కడిగేశాం. ఛీ అయింది నిక్కరు, నువ్వు కాదులే.” పిల్ల మెడలోని అట్ట తీసి మురిక్కాలవలో పడేసింది.

“రెబ్కా!” నాగేంద్రబాబు పళ్లు కొరికాడు. “రేపట్నుంచి రానక్కర్లేదు.”

“రేపటిదాకా ఎందుకండీ? పిల్ల నిక్కరు ఉతికేసి పోతా.”

తన తువ్వాలు చుట్టి పిల్లని గదిలో కూర్చోబెట్టింది. నిక్కరు రెండుసార్లు సబ్బుపెట్టి ఉతికింది. ఈలోగా మిహోకి దండ వేసి, ఫోటోలు తీసి, కారు దాకా తీసుకొచ్చారు. మిహో దండ తీసేసి పంపు దగ్గరికి నడిచొచ్చింది. రెబ్కా తడి చేతులు పట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది.

“రెబ్కమ్మా, ఏం... కాదు.”

నాగేంద్రబాబు చప్పట్లు కొట్టాడు. “చూశారా అండీ, తెలుగు ఎంత ముద్దుగా మాట్లాడుతోందో!” వచ్చిన భార్యాభర్తలు కూడా చప్పట్లు కొట్టారు.

కారు గుంటూరు వైపు వెళ్లిపోయింది. రెబ్కా అన్నం క్యారేజీ తీసుకుని, గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, రోడ్డు దాటి బస్సెక్కింది.

ఫ్లెక్సీ కట్టిన తాడు మీద, మిహో ఫోటో పక్కన, ఆరేసిన చిన్న నీలం నిక్కరు ఇంకా నీళ్లు కారుతూ ఉంది. దగ్గర్లోని పత్తి జిన్నింగు మిల్లు నుంచి ఎగిరొచ్చిన దూదిపింజ ఒకటి దాని అంచుకి అంటుకుంది.