కలవని కన్ను

నా చేత్తో వేసిన రంగు వెలిసిపోయిందన్న మనిషి పద్దెనిమిదేళ్లలో ఒక్కడూ లేడు. ఆ మాట అన్న మొదటివాడు నా సొంత తమ్ముడు. అందుకే అంత ఒళ్లు మండింది.

నేను కళ్లు చేస్తాను. ప్రమాదంలోనో జబ్బుతోనో ఒక కన్ను పోయినవాళ్లకి, మిగిలిన కంటికి జోడీగా ఉండేలా ఇంకోటి చేసి పెడతాను. దాంతో చూపు రాదు, మొహం నిండుగా ఉంటుంది, అంతే. అందరూ గాజు కన్ను అంటారు. గాజు కాదయ్యా బాబూ, ప్లాస్టిక్ అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి మానేశాను. కంటి ఆసుపత్రి మెట్లెక్కగానే ఎడమవైపు నా గది. ఒక బల్ల, నాలుగు వెంట్రుకలే మిగిలిన కుంచెలు, పాలిష్ పట్టే మోటారు, తెల్లగుడ్డు మీద నరాల కోసం చీల్చి పెట్టుకున్న ఎర్ర పట్టుదారం పోగులు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ. ఆ కిటికీ వెలుగులో తప్ప నేను రంగు కలపను. ట్యూబులైటు కింద కలిపిన రంగు వీధిలోకెళ్లి పరువు తీస్తుంది.

నాకొక పట్టుదల ఉంది. ఉన్నదే వేస్తాను. "కాస్త నల్లగా, హీరోలా వేయండమ్మా" అని బతిమాలినవాళ్లున్నారు. కుదరదన్నాను. ఉన్నది పిల్లికన్నయితే పిల్లికన్నే వేస్తాను. ముసలివాళ్లకి నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు అంచు వస్తుంది చూడండి, అదీ వేస్తాను. ఇప్పటికి ఓ వందమందికైనా వేసి ఉంటాను.

తమ్ముడు నాకంటే పదేళ్లు చిన్న. అమ్మా నాన్నా తొందరగా పోయారు. వాడి ముక్కు తుడిచిందీ నేనే, వీపు మీద రెండు వేసిందీ నేనే. లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆరేళ్ల క్రితం ఇనుప పెచ్చు ఎగిరి కుడికన్ను పోయింది. మా ఇంటిల్లిపాదివీ తేనెరంగు కళ్లు. ఆ తేనెరంగుని పదకొండు పూతల్లో పట్టాను, మధ్యమధ్యలో కుంచె పక్కన పెట్టి ఏడుస్తూ. ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత మరదలు అయిన పిల్లని "వీడి కళ్లలో ఏది ఉత్తుత్తిది?" అని అడిగితే సొంత కన్ను చూపించింది.

అలాంటివాడు ఆ రోజు గదిలోకొచ్చి, గుమ్మం తగిలి తూలి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, కన్ను కలవట్లేదే" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. "అద్దంలో చూసుకుంటే రెండు కళ్లూ ఇద్దరు మనుషులవిలా ఉన్నాయి. రంగు వెలిసిందేమో చూడు."

"వెలిసింది నా రంగు కాదురా, నీ బుద్ధి!" అన్నాను. "పట్టపగలే మొదలెట్టావా?"

"నేను తాగలేదక్కా."

ఎనిమిది నెలలుగా ఇదే పాట. చేతిలో గ్లాసు నిలవదు. నడక తిన్నగా ఉండదు. మాట నానిపోయి వస్తుంది. ఉన్నట్టుండి ఇంతెత్తున లేస్తాడు, ఆ వెంటనే మూలన కూర్చుంటాడు. లేతు షాపు యజమాని వాడిని మిషను దగ్గరికి రానివ్వకుండా సామాను సర్దే బల్ల దగ్గర పడేశాడు. "చెయ్యి వణికేవాడికి మిషను ఇస్తే వేళ్లు కూడా పోతాయమ్మా" అని నాకే చెప్పాడు. నేనేం తక్కువ తిన్నానా? వాడు మా ఇంటికి రాగానే నోరు తెరవమని వాసన చూసేదాన్ని. వాసన ఉండేది కాదు. ఏలకులు నమిలి వచ్చాడనుకునేదాన్ని. రెండు నెలల క్రితం మరదలు పాపని చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందంటే ఆ సలహా ఇచ్చింది కూడా నేనే. నా నోటికి హద్దూ పద్దూ లేదని ఊరికే అనరు.

సరే, వచ్చినవాడిని వెళ్లగొట్టలేను కదా. పైగా నా పని మీద మాట పడింది. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పాను.

కలవడం లేదు. నిజంగానే కలవడం లేదు.

నేను చేసిన కన్ను ఆరేళ్ల క్రితం ఎలా ఉందో అలాగే ఉంది. కానీ వాడి సొంత కంటికి నల్లగుడ్డు చుట్టూ సన్నటి అంచు ఉంది. ముసలివాళ్ల బూడిదరంగు కాదు. గోధుమరంగు, అందులో కాస్త బంగారం, పక్కనుంచి చూస్తే ఆకుపచ్చ జాడ. పైనా కిందా మందంగా, పక్కల సన్నగా ఉంది. చూడ్డానికి అందంగా ఉంది, అదే నా ఖర్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత అంచుని ఎలా వదిలేశాను? అప్పుడు ఏడుస్తూ వేశాను కదా, కంటినిండా నీళ్లతో చూసి వదిలేసి ఉంటాననుకున్నాను. వాడికి కొత్తగా వచ్చిందేమోనన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు. అంచులు వేసీ వేసీ, అంచంటే నా కంటికి ఒక రంగు, అంతే అయిపోయింది.

"తప్పు నాదేరా" అన్నాను. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు, అదీ నసుగుతూ అన్నాను. "కొత్తది చేసిస్తాను. రెండు పొద్దుటిపూటలు వచ్చి కూర్చో."

వచ్చాడు, కూర్చున్నాడు. తల ఊగుతూనే ఉంది. "కుదురుగా కూర్చోలేవా, నీకేమైనా దెయ్యం పట్టిందా" అని కసిరాను. "కుదురుగానే కూర్చున్నాననుకుంటున్నానక్కా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆ అంచు కోసం ఏడు రంగులు కలిపాను. గోధుమ, పసుపు, చిటికెడు ఆకుపచ్చ. నాలుగోరోజుకి పాలిష్ పట్టి మెత్తటి గుడ్డ మీద పెట్టి చూసుకుంటే, నా జన్మలో అంత మంచి కన్ను చేయలేదనిపించింది. గర్వంతో టీ కూడా రెండుసార్లు తాగాను.

అప్పుడే కార్నియా డాక్టరమ్మ వచ్చింది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర ఉంటుంది, దాన్ని కార్నియా అంటారు, ఆవిడ వైద్యమంతా దానికే. తన పేషెంటు ఒకతని కన్ను ఎప్పటికి అవుతుందో కనుక్కోవడానికి వచ్చి, గుడ్డ మీద ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది. తిప్పింది. ఇంకా తిప్పింది.

"ఈ అంచు నువ్వు సొంతంగా వేశావా?"

"నేను సొంతంగా ఏదీ వేయను డాక్టరమ్మా, తెలుసు కదా. ఉన్నదే వేస్తాను."

"ఎవరికి?"

"మా తమ్ముడికి."

"వయసు?"

"ముప్పై."

ఆవిడ ఆ కన్నుని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టింది. "చేతులు వణుకుతాయా?" అంది. "మాట ముద్దగా వస్తుందా? నడక తేడాగా ఉందా? కోపం ఎక్కువైందా?"

 వాడి ఎనిమిది నెలల బతుకు, పక్కనుండి చూసినదానిలా వరసగా చెప్పింది. "తాగుతున్నాడండీ" అన్నాను. 

"తాగుతున్నాడో లేదో తర్వాత చూద్దాం. ముందు ఆ సొంత కన్ను నాకు చూపించు. రేపు కాదు, ఇవాళే."

తాళం కూడా వేయకుండా పరిగెత్తాను. షాపులో బల్ల దగ్గర మరలు ఏరుతున్నవాణ్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. దారంతా వాడు "ఏం చేశానక్కా" అంటూనే ఉన్నాడు, నేను "నోర్మూసుకుని నడు" అంటూనే ఉన్నాను. భయమేస్తే నాకు తిట్లే వస్తాయి.

చీకటి గదిలో గడ్డం ఆనించే మిషను ముందు కూర్చోబెట్టి, సన్నటి వెలుగు గీత వేసి, డాక్టరమ్మ చాలాసేపు చూసింది. తర్వాత నన్నూ కూర్చోమంది. "నాకెందుకండీ?" అన్నాను. "ఇది పుట్టుకతో వచ్చేది. తోడబుట్టినవాళ్లని కూడా చూడాలి" అంది. నా కళ్లల్లో ఏమీ లేదు. ఇద్దరి దగ్గరా రక్తం తీశారు. వాడి చేతికి పెద్ద డబ్బా ఇచ్చి ఒక రోజంతా మూత్రం పట్టి తెమ్మన్నారు.

ఫలితాలకి వారం అన్నారు. ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. వాడు చచ్చిపోతాడా అని అడగడానికి రెండుసార్లు డాక్టరమ్మ గది దాకా వెళ్లి వెనక్కొచ్చాను. మూడోరోజు మరదలికి ఫోన్ చేసి, "నువ్వు రావాలమ్మా, నేను నీకు తప్పుడు సలహా ఇచ్చానేమో" అన్నాను. సాయంత్రానికల్లా పాపతో దిగింది. నా గదిలో మూల స్టూలు మీద కూర్చుని చెప్పింది.

"వదినా, ఆయన నోరు నేనూ రోజూ వాసన చూశాను. ఒక్కరోజూ రాలేదు. వాసన రాని రకమేదో తాగుతున్నాడనుకున్నాను. అలాంటిది ఉంటుందా వదినా?"

"ఉంటే ఈపాటికి ఊరంతా అదే తాగేది" అన్నాను. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం.

వారం తర్వాత ముగ్గురం డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాం. పాప మరదలి ఒడిలో నిద్రపోతోంది. తమ్ముడు వణికే చేతిని తొడకింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ కాగితాలు తిప్పి, ముందు నావైపు చూసి, "నీకు లేదు" అంది. తర్వాత వాడివైపు తిరిగింది.

"దీన్ని విల్సన్ జబ్బు అంటారు. చాలా అరుదు. మనం తినే తిండిలో కొంచెం రాగి ఉంటుంది. ఎక్కువైనదాన్ని కాలేయం బయటికి పంపేస్తుంది. నీ కాలేయానికి ఆ పని పుట్టుకతోనే చేతకాదు. అమ్మవైపునుంచి ఒక లోపం, నాన్నవైపునుంచి ఒక లోపం, రెండూ నీకే వచ్చాయి. అలా మిగిలిపోయిన రాగి ఏళ్ల తరబడి పేరుకుని మెదడులోకి వెళ్లింది. ఆ వణుకు, ఆ మాట, ఆ కోపం అన్నీ దానివే. కంట్లోకి కూడా వెళ్లింది. అదొక్కటే బయటికి కనిపిస్తుంది."

"బతుకుతాడా?" అని అడిగేశాను. ఇక ఆగలేకపోయాను.

"హాయిగా బతుకుతాడు. మాత్రలున్నాయి. జీవితాంతం వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. కార్జం, జీడిపప్పు, చాక్లెట్ లాంటివి మానాలి. మొదట్లో మెల్లగా ఉంటుంది, కంగారు పడొద్దు. నెలలు గడిచేకొద్దీ చేయి, మాట చాలావరకు దారికొస్తాయి. కాలేయం డాక్టరుతో మాట్లాడాను, ఇప్పుడే వెళ్లి కలవండి. పాపకి రావడం అరుదే, అయినా ఒకసారి చూపిద్దాం." నావైపు చూసి నవ్వింది. "ఆ అంచు కూడా కొన్నేళ్లకి పోతుంది. అప్పుడు నీకు మళ్లీ పని."

"వందసార్లు చేస్తానండీ" అన్నాను. మరదలు పాప జుట్టులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.  నెత్తిమీదనుంచి బండరాయి దించినట్టుంది.

తమ్ముడు మాత్రం కదల్లేదు. జబ్బు గురించి ఒక్కటీ అడగలేదు. అడిగింది వేరే సంగతి.

"డాక్టరమ్మా, మనిషి తనకి తెలియకుండా తాగడం ఉంటుందా?"

"అంటే?"

"ఇంతమంది అంటున్నారు కదండీ. యజమాని, మా ఆవిడ, మా అక్క. మా అక్క అబద్ధం చెప్పదు. అందుకని... నిద్దట్లో లేచి వెళ్లి తాగొచ్చి, తెల్లారేసరికి మర్చిపోతున్నానేమో అనుకున్నాను. రెండు నెలలుగా పడుకునేముందు తలుపుకి లోపల తాళం వేసి, తాళంచెవి కిటికీలోంచి పక్కింటాయనకి ఇస్తున్నాను. పొద్దున్న ఆయనే తెచ్చి కిటికీలోంచి ఇస్తున్నాడు. అయినా తగ్గలేదు. తాళం వేసినా ఎలా వెళ్తున్నానా అని..."

 మరదలు ఏడుపు ఆపి వాడివైపు తిరిగింది. ఇంతప్పటినుంచి నా చేతుల్లో పెరిగినవాడు, నా మాట నమ్మి, తనని తాను నమ్మడం మానేశాడు. నన్ను నరికినా పాపం లేదనిపించింది.

"నువ్వు తాగలేదు బాబూ" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఒక్కరోజు కూడా. నీ రక్తం చెబుతోంది, నీ కన్ను చెబుతోంది."

వాడు తల ఊపాడు, కానీ చూపు నామీదే ఉంది. ఆ మాట ఆవిడ చెబితే వాడికి చాలదు. నాకు అర్థమైంది.

చెయ్యి పట్టుకుని లేవదీశాను. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాం. అక్కడ బెంచీల మీద ఓ పాతికమంది, కంటికి కట్టుతో కొందరు, చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకుని కొందరు. వాళ్లందరి మధ్యా నిలబెట్టి, వాడి మొహం రెండు చేతులతో పట్టుకుని, మామూలుగానే పెద్దదైన నా గొంతుతో అన్నాను.

"నువ్వు తాగలేదురా. తప్పంతా నాదే. ఎనిమిది నెలలు నిన్ను అనుమానించాను, పెళ్లాన్ని పంపించేశాను, నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు తాగలేదు. ఏనాడూ తాగలేదు. వినబడిందా? తాగలేదు!"

 చీటీలు రాసే నర్సు పెన్ను ఆపి చూస్తోంది. రెండు కళ్లకీ కట్టు ఉన్న ఒక పెద్దాయన బెంచీ మీదనుంచి చెయ్యెత్తాడు.

"తాగలేదమ్మా, మాకందరికీ తెలిసింది" అన్నాడు. "కావాలంటే నేను సాక్ష్యం చెబుతాను. ఇక ఆ పిల్లాణ్ని కూర్చోనివ్వు."

తమ్ముడు నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత, ముద్దముద్దగానే, తల ఊగుతూనే, వరండా అంతా వినబడేలా నవ్వాడు. నవ్వుతూనే వెళ్లి ఆ పెద్దాయన పక్కన కూర్చుని, "థాంక్సండీ" అన్నాడు.