అన్నయ్య వేసిన నాలుగు అతుకులు

కంపెనీ షోరూములో తెల్లచొక్కా కుర్రాడు నా వ్యాను కింద టార్చి వేసి చూసి, చేతులు దులుపుకున్నాడు.

"ఆక్సిజన్ సెన్సర్ పోయింది మేడం. ఇంజను పెట్రోలు ఎంత తాగుతోందో దానికే తెలీదు, అందుకే ఆ నల్లపొగ. ఒరిజినలే వెయ్యాలి. తెప్పించడానికి మూడు వారాలు పడుతుంది."

"శనివారానికల్లా పొగ పరీక్ష పాసవ్వాలి నాయనా. సోమవారం స్కూళ్లు తెరుస్తున్నారు."

"అని బయట దొరికేది వేయించారో, కొరివితో తల గోక్కున్నట్టే. తర్వాత మీ ఇష్టం."

నా ఇష్టమేనట. మా దగ్గర నంబరు ప్లేటులో చివరి అంకె నెల, దాని ముందుది వారం. నాది చివర పదహారు కాబట్టి, పొగ పరీక్ష పాసై బండి కాగితాలు జూన్ మొదటి వారంలోనే కొత్తవి చేయించుకోవాలి. మలబోన్‌లో పన్నెండుమంది పిల్లల్ని బడికి దింపి తెచ్చే వ్యాను అది. సోమవారం పొద్దున వాళ్ల గుమ్మాల ముందు నేను హారన్ కొట్టకపోతే మంగళవారానికి వాళ్లు ఇంకొకడి బండిలో ఉంటారు. పదకొండేళ్లుగా నా బతుకంతా ఆ పన్నెండు సీట్లే.

"మీ ఒరిజినల్‌ని తీరుబడిగా రమ్మనండి," అని తాళాలు లాక్కుని వచ్చేశాను.

తిన్నగా బనావె వీధికి వెళ్లాను. అక్కడ పార్టుల కొట్టు నడిపే ఒక చైనా ముసలావిడ ఉంది, అందరూ ఆవిణ్ని అచీ, అంటే అక్కా, అని పిలుస్తారు. నా పాత సెన్సర్ చూసి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి అలమరలోంచి ఒక పెట్టె తీసింది. ముక్కు అదే, మర అదే. ప్లగ్గు మాత్రం ఉండదు. పాతదాని ప్లగ్గు కోసి నాలుగు తీగలూ అతుక్కోవాలి. అతకడమంటే మాకో లెక్కా? మా అన్నయ్య డెల్ఫిన్ రేడియోలూ టీవీలూ బాగుచేస్తాడు. అతని సాల్డరింగ్ చూడడానికి పక్క వీధి మెకానిక్కులు కూడా వస్తారు.

పెట్టెలో నాలుగు ఇత్తడి తొడుగులు, ఒక మడత కాగితం ఉన్నాయి. అన్నయ్య రెంటినీ చెత్తబుట్టలో వేశాడు.

"అవి పని రానివాళ్లకి. ముప్ఫై ఏళ్లలో నేను వేసిన అతుకు ఒక్కటి ఊడిందని చూపించు, మీసం తీయించుకుంటా."

నాలుగు అతుకులూ ముత్యాల్లా మెరిశాయి. ముచ్చటేసింది నాకు.

గురువారం పొగ పరీక్షలో బండి తప్పింది. మొదటికంటే ఎక్కువ పొగ. పరీక్ష చేసే అతను గొట్టంలోంచి కడ్డీ లాగుతూ, "బజారు సరుకా అక్కా? కంపెనీది వేయించుకుంటే పోయేదిగా," అన్నాడు. వరుసలో ఉన్న డ్రైవర్లు నవ్వారు. నా వెంట వచ్చిన అన్నయ్య నీళ్లు నమిలి, "నీకు చెబుదామనే అనుకున్నా మిలా, చవక చవకే," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లచొక్కా వాడి మాట నిజమైందన్న దుగ్ధ ఒకటి, సోమవారం ఎలాగన్న దిగులు ఒకటి.

అక్కణ్నుంచే బనావెకి పోనిచ్చి, అచీ మీద నోరు పారేసుకున్నాను. ఆవిడ మొత్తం విని, బండి కింద గోనెపట్టా పరిపించుకుని, ఆ వయసులో పడుకుని చూసింది.

"ఎవరు వేశారివి?"

"మా అన్నయ్య."

"చాలా చక్కగా వేశాడు. అందుకే చచ్చింది." లేచి మోకాళ్లు దులుపుకుంది. "ఈ సెన్సర్ బయటి గాలి పీల్చాలే పిల్లా. ఎక్కణ్నుంచి పీలుస్తుందనుకున్నావు? తీగలో పోగుల మధ్య సందుల్లోంచి. మీవాడు సీసం కరిగించి ఆ సందులన్నీ పూడ్చేశాడు. తొడుగులో పెట్టి నొక్కాలంతే. కాగితంలో బొమ్మేసి మరీ చెప్పారు, చదివారా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అమాయకపు పార్టుని ఆడిపోసుకున్నాం అందరం.

అచీ కొత్త తొడుగులు నాలుగు చేతిలో పెట్టింది. ఇంటికెళ్లి అన్నయ్యకి చెప్పాను. అతను నవ్వాడు.

"తీగలో గాలేంటే? తీగలో కరెంటు పోతుంది. ఆ ముసల్దానికి పార్టు వెనక్కి తీసుకోవడం ఇష్టం లేక చెప్పిన కథ. నా అతుకులు ముట్టుకోకు."

"ముట్టుకుంటాను."

"మిలా, నువ్వు అవి కోస్తే నేను పని రానివాణ్నని వీధికంతా చాటినట్టే."

అతని ముఖం చూసి ఒక్క క్షణం ఆగాను. మా నాన్న పోయాక నన్ను చదివించినవాడు, ఈ వ్యాను కొన్ననాడు పూలదండ తెచ్చినవాడు. అయినా కటింగ్ ప్లయరు తీసుకుని బండి కిందికి దూరాను. నాలుగూ కోశాను, ఒక్కొక్కటీ టప్పుమని తెగింది. తొడుగులు నేనే నొక్కాను, వంకరటింకరగా. బయటికి వచ్చేసరికి అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంది.

శనివారం పొద్దున బండి తీస్తుంటే అన్నయ్య వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. దారంతా వాన. పరీక్షశాల ముందు మళ్లీ అదే వరుస, అవే ముఖాలు. ఈసారి యంత్రం లోపలి నుంచి వచ్చిన చీటీ మీద పాసని ఉంది. దాని కోసం చెయ్యి చాపాను.

"చూశావా అక్కా," అన్నాడు పరీక్ష చేసే అతను, చీటీ అందరికీ చూపిస్తూ. "కంపెనీది వేయించుకుంటే ఎంత హాయో. ఆ బజారు చెత్తతో రెండు రోజులు పాడుచేసుకున్నావు."

నేను నోరు తెరిచేలోగా అన్నయ్య బండి దిగాడు. గొడుగు కూడా తీసుకోలేదు.

"అదే బజారు పార్టు," అన్నాడు. అతని గొంతు వరుస చివరిదాకా వినిపించింది. "మార్చలేదు. అతుకులు తప్పు వేసింది నేను. పేరు డెల్ఫిన్, చేపల మార్కెట్ వెనక రేడియో షాపు. నవ్వాలనుకున్నవాళ్లు అక్కడికొచ్చి నన్ను చూసి నవ్వండి. నా చెల్లెలు కొన్నదాన్ని మాత్రం ఎవడూ చెత్త అనొద్దు."