మేకుకు వేలాడిన గార్డు

నేను ఒక ఇనుప జాలీని. ప్రెస్ మిషను ముందు బిగించే గార్డును. రేకు దూరి వేలు దూరనంత సందు ఉంచి, పసుపు రంగు పూసి, గాజువాక దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ రేకును నొక్కే దిమ్మ టన్నుల బరువుతో దిగుతుంది. దానికీ మనిషి చేతికీ మధ్య నిలబడటమే నా పని.

నిలబడనిస్తేగా! నేనుంటే పని నెమ్మదిస్తుందని, వచ్చిన కొద్ది రోజులకే విప్పి గోడ మేకుకు తగిలించారు. దసరాకు మాత్రం దించి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టేవారు. దండం పెట్టిన చేతులతోనే మళ్లీ మేకుకు తగిలించేవారు. మనుషుల భక్తి నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక ఆషాఢంలో కబురొచ్చింది. అప్రెంటిస్‌ల చట్టాలు, నిబంధనలు దేశంలో ఎలా అమలవుతున్నాయో బేరీజు వేయడానికి ఒక కమిటీ వస్తోందట. పని నేర్చుకునేవాళ్లను గార్డు లేని మిషను దగ్గర పెట్టకూడదని నిబంధన. యజమాని హడావిడిగా నన్ను బిగింపజేశాడు. కమిటీ ఇవాళ, రేపు అంటూ రాక వాయిదా వేసింది. దాని పుణ్యమా అని ఎన్నడూ లేనంత కాలం నా చోట నేనున్నాను.

సరిగ్గా అప్పుడే అప్రెంటిస్‌గా చేరింది నూకరత్నం. ఐటీఐ చదివిన పిల్ల. వాళ్లింట్లో చేపల తట్ట ఎత్తని మొదటి ఆడమనిషి తనే కావాలని ఆమె పంతం. దాలినాయుడు మేస్త్రి ఆమెకు పని నేర్పాడు.

"సెయ్యి జాలీకి తగిలీదాకా రేకు తొయ్యి అమ్మీ. తగల్గానే ఎనక్కి లాగీ. అప్పుడు పెడలు తొక్కు, దిమ్మ దిగుతాది. కళ్లతో పన్లేదు, సెయ్యే సెప్తాది."

గోరింటాకు పండిన ఆమె కుడిచేతి వేళ్లు వచ్చి నన్ను తాకేవి, వెళ్లేవి. నేనెందుకు పుట్టానో ఆ రోజుల్లోనే నాకు తెలిసింది.

కమిటీ వచ్చింది. నన్ను తట్టి చూశారు. ఆమె చెయ్యి నా మీద ఉండగా ఫోటో తీశారు. చట్టం భేషుగ్గా ఉంది, అమలూ భేషుగ్గా ఉందని మెచ్చుకుని, టిఫిన్లు చేసి వెళ్లారు.

మర్నాడు ఉదయమే నన్ను విప్పేశారు. ఏళ్ల తరబడి గార్డు లేకుండానే పనిచేసిన మేస్త్రికి, ఈ పిల్ల నాతోనే పని నేర్చిందన్న సంగతి తట్టలేదు. నేను లేనని ఆమె కళ్లు చూశాయి. కాసేపు జాగ్రత్తగానే చేసింది. పని ఊపందుకున్నాక చెయ్యి నన్ను వెతుక్కుంటూ ముందుకు వెళ్లింది. తగలాల్సిన జాలీ తగల్లేదు. కాలు అలవాటుగా పెడలు తొక్కింది. నేను మేకు మీద ఉన్నాను. అరవడానికి నాకు నోరు లేదు.

దాలినాయుడు ఆమెను ఎత్తుకుని పరిగెత్తాడు. "నానే సెప్పలేదు, నానే సెప్పలేదు" అని దారంతా ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత నన్ను ఆఫీసు గదిలో గోడకు ఆనించారు, అధికారులెవరైనా వస్తే వెంటనే దొరకాలని. నా పైన, కమిటీ వచ్చినప్పుడు తీసిన ఆ ఫోటో అద్దం బిగించి ఉండేది.

కొన్నాళ్లకు నూకరత్నం సర్టిఫికెట్ కోసం వచ్చింది. శిక్షణ పూర్తి కాలేదు కాబట్టి నిబంధన ఒప్పుకోదన్నాడు యజమాని. ఆ ఒక్క నిబంధనను మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. ఆమె గొడవ పడలేదు. కుడిచేతిని చున్నీలో దాచుకుని ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"అయితే ఈ పోటో నాకిచ్చీండి బాబూ," అంది. "నా సెయ్యి ఇందల్లోనే ఉన్నాది."

అదీ ఇవ్వలేదు. కమిటీ మళ్లీ వస్తే చూపించాలట.

వెళ్తూ వెళ్తూ ఆమె వంగి, ఎడమచేత్తో నన్ను తాకింది. తగలగానే వెనక్కి తీసుకుంది, మేస్త్రి నేర్పినట్టే.